వేలితో తోసిన మూడు టన్నులు

గోదావరిఖని దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరాను. అక్కడే ఫోర్‌మన్‌నయ్యాను. చివరి ఎనిమిదేళ్లు కొత్తగా చేరేవాళ్లకు ట్రైనింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి.

గనిలో ఏ యంత్రం పాడైనా చివరికి మా షెడ్డుకే చేరేది. నీళ్లు తోడే పంపులు, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బులను తాడుతో లాగే హాలేజీ ఇంజన్లు, వాటి మోటార్లు, గేర్‌బాక్సులు. విప్పడం, బాగుచేయడం, బిగించడం మా పని అని అందరూ అనుకుంటారు. నిజానికి అందులో సగం ఎత్తడం, దించడమే. మనిషి ఎత్తలేని దాన్ని ఎత్తించి, పక్కకు జరిపి, చెప్పిన చోట పెట్టడం. కొత్తగా షెడ్డుకు వస్తున్న మీకు దాని గురించే చెప్పాలి. మిగతాదంతా మీకు పుస్తకాలున్నాయి.

నాకు కోపం ఎక్కువని నాతో పనిచేసినవాళ్లు చెబుతారు. నిజమే. ఈ రాతలో కూడా అది కనిపిస్తుంది. అయితే ఇక్కడ ఆ కోపం చాలావరకు నా మీదే.

రెండు టబ్బులు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మాకు ఒక పెద్ద ఇంజనీరు ఉండేవాడు. సన్నగా, నల్లగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. ఎవరినీ తిట్టేవాడు కాదు, అందుకే ఆయనంటే మాకు భయం లేదు. ఒకరోజు గని బయట చదునుగా ఉన్న పట్టాల దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు. అక్కడ ఒక ఖాళీ టబ్బు, ఒక నిండు టబ్బు పక్కపక్క పట్టాల మీద ఉన్నాయి.

"తొయ్యి" అన్నాడు.

ఖాళీదాన్ని తోశాను, వెళ్లిపోయింది. నిండుదాన్ని తోశాను. కదల్లేదు. భుజం పెట్టి, కాళ్లు తన్నిపెట్టి తోస్తే బద్ధకంగా బయల్దేరింది.

"బరువంతా పట్టాలు మోస్తున్నాయి గదా యాకోబూ? నువ్వు ఎత్తట్లేదు. మరి ఎందుకంత కష్టం?" అని అడిగాడు.

"చక్రాలు తుప్పు పట్టినయి సార్" అన్నాను.

ఆయన చక్రాలకు నా చేతనే గ్రీజు పెట్టించాడు. మళ్లీ తోయమన్నాడు. మళ్లీ అదే కష్టం. ఆ తర్వాత రెండు టబ్బులకూ వెనక తాడు కట్టించి, ఇద్దరు కూలీల చేత ఒకే వేగంతో నడిపించి, తాడు పట్టుకుని ఆపమన్నాడు. ఖాళీది వెంటనే ఆగింది. నిండుది నన్ను ఈడ్చుకుని నాలుగడుగులు పోయింది. చేతులు ఒరుసుకుపోయాయి. కూలీలు నవ్వారు.

"మోసేవాడు వేరే ఉంటే బరువు నీకు తెలియదు. కానీ దాని మొండితనం దాని దగ్గరే ఉంటుంది. కదిలించేటప్పుడు ఒకసారి చూపిస్తుంది, ఆపేటప్పుడు ఒకసారి చూపిస్తుంది" అన్నాడాయన.

ఆ మొండితనాన్నే పుస్తకాల్లో జడత్వం అంటారు. వస్తువులో ఎంత సరుకుందో, అంటే ద్రవ్యరాశి ఎంతో, మొండితనం అంత. బరువనేది భూమి దాన్ని కిందికి లాగే లాగుడు. ఆ లాగుడుకు పట్టాలో, గొలుసో ఎదురు నిలిస్తే మన చేతికి తెలియదు. సరుకు మాత్రం ఎక్కడికీ పోదు.

ఈ పాఠం నాకు ఇరవై మూడేళ్ల వయసులోనే తెలుసు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి. నేను తెలియక తప్పు చేశానని ఎవరూ అనుకోవద్దు.

పువ్వు

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. నేను వచ్చేనాటికే ఉంది. పోశం కాక అని పెద్ద ఫిట్టరు, ఆయన మొదలుపెట్టాడనేవారు. బరువులెత్తే చైన్ బ్లాక్ గొలుసు లాగుతుంటే కొక్కేనికి కట్టిన మోటారు నేల విడిచి లేస్తుంది. లేవగానే పోశం కాక దాని దగ్గరికి పోయి చూపుడువేలితో మెల్లగా తోసేవాడు. రెండు టన్నుల మోటారు కాస్త ఊగేది. ఆయన "పువ్వు!" అని అరిచేవాడు. బరువు గొలుసు మీదికి పోయింది, ఇది ఇప్పుడు పువ్వంత తేలిక అని అర్థం. ఆ కేక వినగానే మిగతావాళ్లం చుట్టూ చేరి కింది చెక్కదిమ్మలు లాగేసేవాళ్లం.

కేక పడకముందు ఎవరూ దగ్గరికి పోకూడదు. కేక పడ్డాక ఆగకూడదు. అది ఆర్డరు. ఏ కాగితంలోనూ లేదు కానీ, కాగితంలో ఉన్న ఆర్డర్లకంటే గట్టిగా నడిచేది. పోశం కాక రిటైరైనప్పుడు, "ఇగ నువ్వే పిలువాలె యాకోబూ" అని అందరి ముందు నాకు అప్పజెప్పాడు. ఫోర్‌మన్ కాగితం వచ్చినప్పటికంటే ఆ రోజే నాకు ఎక్కువ సంతోషమైంది.

దసరా ఆయుధపూజ నాడు కుటుంబాలన్నీ షెడ్డుకు వచ్చేవి. అన్నింటికంటే పెద్ద మోటారును ఎత్తి, బంతిపూల దండ వేసి, పిల్లల చేత వేలితో తోయించేవాళ్లం. నేను చర్చికి పోయేవాణ్నే అయినా ఆ పూజలో అందరికంటే ముందు నేనే నిలబడేవాణ్ని. మా అమ్మాయి ఐదేళ్ల వయసులో వేలితో మోటారును ఊపి "పువ్వు" అంటే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఆనవాయితీ వల్ల క్రమశిక్షణ వచ్చిందని నేను చాలా ఏళ్లు వాదించాను. కొంత నిజం. అయితే అది నేర్పిన మాట తప్పు. గొలుసుకు వేలాడుతున్న మోటారు వేలికి ఊగిందంటే అది తేలికైనట్టు కాదు. అడ్డుకునేది ఏదీ లేదు కాబట్టి ఊగింది, అంతే. దగ్గరికి రండి అని పిలవాల్సిన క్షణం కాదది. దూరం జరగండి అని అరవాల్సిన క్షణం.

గేర్‌బాక్స్

ఎండాకాలం, మొదటి షిఫ్టు. రామగుండం ఎండ మీకు తెలుసు. రేకుల కింద ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలేది. ఒక గనిలో హాలేజీ ఆగిపోయింది. దాని గేర్‌బాక్స్ మా షెడ్డులో సిద్ధమైంది. మూడు టన్నులుంటుంది. సాయంత్రంలోపు లారీ ఎక్కించాలని పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

ఎత్తబోతే, పైన గర్డరు అనే ఇనుప దూలం మీద చైన్ బ్లాకును జరిపే ట్రాలీ ఇరుక్కుంది. గేర్‌బాక్స్‌కు సరిగ్గా నెత్తి మీదికి రావాల్సింది నాలుగడుగుల ఇవతలే ఆగిపోయింది. పైకెక్కి సరిచేస్తే అరగంట పని. ఇప్పటికీ ఆ అరగంట గురించే ఆలోచిస్తుంటాను.

"ఏం గాదు, ఏటవాలుగనే లాగుండ్రి" అన్నాను.

ఓదెలు అని ఫిట్టరు. ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. చేతిపని శుభ్రంగా ఉండేది, మాట తక్కువ. నేను పెంచిన మనిషని చెప్పుకునేవాణ్ని. అతను ఒక్కసారి అడిగాడు.

"అన్నా, అడ్డం లాగుతున్నం గదా. ఎనుక తాడు కడుదమా?"

వెనక తాడు కట్టి ఇద్దరు పట్టుకుంటే లోడు లేచాక ఉయ్యాలలా రాకుండా మెల్లగా వదలొచ్చు. సరైన మాట.

"తాడు దేవులాడేసరికి పొద్దుగూకుతది. జల్ది కానియ్యి" అన్నాను.

గొలుసు లాగారు. గేర్‌బాక్స్ లేచింది. దాని కింది అంచు మాత్రం ఒక చెక్కదిమ్మకు ఆనుకుని నిలిచింది. కదలకుండా ఉంది. నేను పోయి పక్కనుంచి వేలితో తోశాను. ఎప్పుడూ ఊగే విధంగా ఊగలేదు. కదిలీ కదలనట్టు కదిలి ఆగింది. నా వేలికి ఆ తేడా తెలిసింది. ఏదో పట్టుకుని ఉందని తెలిసింది. అయినా నోరు అలవాటు పడిపోయింది.

"పువ్వు!" అని అరిచాను.

అది ఎందుకు కదలకుండా ఉందో చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది కదలనిదాని మీద ఏ బలమూ లేదనుకుంటారు. గొలుసు దాన్ని పైకి లాగుతోంది, ట్రాలీ వైపు అడ్డంగా కూడా లాగుతోంది. భూమి కిందికి లాగుతోంది. చెక్కదిమ్మ అడ్డంగా ఎదురు తన్నుతోంది. అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి కాబట్టి నిలబడింది. నలుగురు గట్టిగా పట్టుకున్న మనిషి కూడా కదలకుండానే ఉంటాడు. అతను ఊరికే నిల్చున్నాడని దగ్గరికి పోతామా?

ఓదెలు ట్రాలీ వైపు నుంచి వంగి ఆ దిమ్మను లాగేశాడు.

గేర్‌బాక్స్ వేగంగా రాలేదు. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. మనిషి తీరిగ్గా నడిచినట్టు వచ్చింది. మెల్లగా వస్తోంది కాబట్టే ఓదెలు పక్కకు దూకలేదు. మీదికి వస్తున్న సైకిలును ఆపినట్టు రెండు చేతులూ చాచాడు. అతని వెనక ఇనుప స్తంభం ఉంది. గేర్‌బాక్స్ అతని చేతులను మడిచి, అతన్ని స్తంభానికి నొక్కింది. తల వెనక్కి కొట్టుకుంది. మేము నలుగురం తోసినా అది వెంటనే వెనక్కి పోలేదు. దాన్ని కదిలించడానికి పట్టిన ఆ నాలుగు క్షణాల్లో అతను ఒక్క శబ్దం కూడా చేయలేదు.

తుంటి ఎముక నలిగిపోయింది. ఎడమ కాలు మళ్లీ నిలబడలేదు. బతికాడు.

విచారణ

విచారణలో నన్ను అడిగింది సూటి ప్రశ్న. లోడు దగ్గరికి లోపలికి వెళ్లమని ఓదెలుకు ఎవరైనా చెప్పారా?

"లేదు సార్. తనంతట తానే పోయిండు" అన్నాను.

'పువ్వు' అనే మాట ఏ రూలు పుస్తకంలోనూ లేదు. అందుకని విచారణలోకి కూడా రాలేదు. మిగతావాళ్లు నా ముఖం చూసి, నేను చెప్పిందే చెప్పారు. వాళ్లను తప్పుపట్టను. నేను వాళ్ల ఫోర్‌మన్‌ని. అతను తాడు అడిగిన సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. వ్యక్తిగత నిర్లక్ష్యం అని రాశారు.

భయపడ్డాను. అంతకుమించి కారణమేమీ లేదు. ఉద్యోగం పోతుందనే భయం కంటే, షెడ్డులో నేను పిలిస్తే పువ్వు కాదు చావు అంటారేమోననే భయం ఎక్కువ. ఇంత చిన్న కారణానికి మనిషి ఇంత పని చేస్తాడని అప్పటిదాకా నాకు తెలియదు.

దవాఖానకు చూడటానికి పోయాను. ఓదెలుకు తలదెబ్బ వల్ల ఆ పొద్దటి సంగతి ఏదీ గుర్తులేదు. టిఫిన్ తిన్నది గుర్తుంది, ఆ తర్వాత మంచం గుర్తుంది.

"అన్నా, నేనెందుకు లోపలికి పోయిన?" అని అడిగాడు.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"తొందరపడ్డవు తమ్మీ" అన్నాను.

"తప్పయింది అన్నా. నా తోటి నీకు మాట వచ్చె" అన్నాడు.

మర్నాటి నుంచి షెడ్డులో ఆ కేక బంద్ చేయించాను. దసరాకు మోటారు ఎత్తడం కూడా మాన్పించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

క్లాసు

మరుసటి ఏడాది నేనే అడిగి ట్రైనింగ్ సెంటర్‌కు మారాను. బరువుకు, ద్రవ్యరాశికి తేడా ఏమిటని అడిగితే ప్రతి బ్యాచ్ ఒకటే అప్పజెప్పేది. చంద్రుడి మీద బరువు తగ్గుతుంది సార్, ద్రవ్యరాశి మారదు సార్. అందరికీ చంద్రుడు తెలుసు, కొక్కెం తెలియదు. నేను ఒక పాత మోటారును వేలాడదీసి, ఊపి, ఒక గోడకు ఆనించిన ప్లాస్టిక్ కుర్చీ మీదికి వదిలేవాణ్ని. మెల్లగా పోయి కుర్చీని పొడి చేసేది. మంచి పాఠమే. అది నేను నిజాయితీగా చెప్పిన పాఠం.

దాని తర్వాత చెప్పే ఉదాహరణ మాత్రం నిజాయితీ లేనిది. ఒక ఫిట్టరు తనంతట తాను లోడు దగ్గరికి పోయి కాలు పోగొట్టుకున్నాడని చెప్పాలి. సిలబస్‌లో ఉంది. పేరు చెప్పేవాణ్ని కాదు. గోదావరిఖనిలో పేరు చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. ఎనిమిదేళ్లు చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే అది జరిగినట్టు అనిపించేది.

నా ఆఖరి బ్యాచ్‌లో పనికి పోలేని తండ్రి ఉద్యోగం కింద చేరిన ఒక అమ్మాయి ఉంది. సుజాత. ఓదెలు బిడ్డ. ఉదాహరణ వదిలేద్దామా అనుకున్నాను. వదిలేస్తే మిగతావాళ్లు ఎందుకని చూస్తారనిపించి, ఆ ఉదాహరణే చెప్పాను. ఆమె లేచి నిలబడింది. గొంతు మామూలుగానే ఉంది.

"సార్, ఆయనకు పదిహేనేండ్ల సర్వీసు ఉండె. పని తెలిసిన మనిషి. తనంతల తాను ఎట్ల పోతడు సార్?"

ముప్ఫై మంది నా వైపు చూస్తున్నారు.

"ఒక్కోసారి అనుభవమే మనిషిని మోసం చేస్తుందమ్మా" అన్నాను.

ఆమె కూర్చుని ఆ వాక్యాన్ని నోటుబుక్కులో రాసుకుంది.

ఓదెలు ఇంట్లో

రిటైరైన మూడో నెలలో పోయాను. ముందు పోవడానికి ధైర్యం చాలలేదు. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి పోయాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఆలస్యంగా వచ్చిన ధైర్యం చవకైనదని నాకు తెలుసు.

మధ్యాహ్నం. సుజాత డ్యూటీకి పోయింది. ఓదెలు మంచం మీద కూర్చుని ఉన్నాడు, గోడకు రెండు చేతికర్రలు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అతని భార్య లచ్చవ్వ ఛాయ్ పెడతానంటూ, నాకు కుర్చీ వేస్తూ, అతన్ని చూపించింది.

"కూసో అన్నా. గిదో, గిట్లనే కూసుంటడు దినమంత. ఆనాడు జెర ఆగి ఉంటె ఏమయితుండె? ఎవలన్న పిలిచిన్రా? పెండ్లాం పిల్లలు ఉన్నరని యాదికి రాకపాయె."

ఆమె అందులో కసి ఏమీ పెట్టలేదు. రోజూ అనే మాట అన్నట్టు అంది. ఓదెలు కూడా రోజూ వినే మాట విన్నట్టు తల వంచుకున్నాడు. "నిజమే గదా" అన్నాడు.

అప్పుడు చెప్పాను. ఏ ముందుమాటా లేకుండా చెప్పాను, లేకపోతే నోరు మళ్లీ అబద్ధానికే తిరిగేది.

"ఓదెలూ, నువ్వు నీ అంతల నువ్వు పోలే. నేను పిలిచిన. పువ్వు అని నేనే మొత్తుకున్న. విచారణల అబద్ధం చెప్పిన. దవాఖానల నీకూ అబద్ధం చెప్పిన."

అతను నన్ను చూశాడు.

"నువ్వు పిలిస్తె పోయిన్నా?"

"నేను పిలిస్తెనే పోయినవు. అంతకుముందు తాడు కడుదమా అని కూడ అడిగినవు. నేనే వద్దన్న."

"తాడు అడిగిన్నా నేను?"

"అడిగినవు."

"నిజంగ అడిగిన్నా?"

నా మీద కోపం వస్తుందని, కర్ర విసురుతాడని, విసిరితే బాగుండునని అనుకుంటూ కూర్చున్నాను. అతనికి మాత్రం ఆ తాడు సంగతొక్కటే కావాలి. తొమ్మిదేళ్లు తను పని రాని మనిషినని, బుద్ధిలేక పోయానని నమ్మి బతికినవాడు, తాడు అడిగానన్న మాటను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఇన్నవానే?" అన్నాడు భార్యతో. "నేను ఊకెనే పోలేదట. తాడు కూడ అడిగిన్నట."

లచ్చవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఛాయ్ గిన్నె అలాగే ఉంది. నన్ను తిడుతుందని చూశాను. ఆమె నా వైపు రాలేదు.

"తొమ్మిదేండ్లు" అంది. "తొమ్మిదేండ్ల సంది దినాం తిట్టిన. అన్నం పెట్టుకుంట తిట్టిన. బిడ్డ ముంగట తిట్టిన. నీ మాట నమ్మి తిట్టిన అన్నా."

"చెల్లె…" అన్నాను.

"పోనీతియ్యి" అన్నాడు ఓదెలు. మంచం మీంచి ముందుకు వంగి ఆమె వైపు చెయ్యి చాపాడు. "ఇగ పోనీ. నీకేం తెలుసు, నాకే తెల్వకపాయె."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"నన్ను ముట్టకు" అంది. "నీ మొఖం నేనెట్ల జూడాలె?"